పుస్తకానికి పంచనామా

"నేను పోయినాక నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో చెల్లెమ్మా. నేనుండంగా మాత్రం దాని అట్ట మీద కత్తి పెట్టబాకు."

"అందాకా ఆగేంత ఓపిక నాకు లేదన్నా."

"అయితే నువ్వే ముందు పో."

ఆయనా నేనూ ఆఖరుసారి అనుకున్న మాటలు ఇవే. ఆయన మంచం మీద ఉన్నాడు, నేను గడపలో నిలబడ్డాను. నవ్వబోతే దగ్గు తెర వచ్చింది. అంత దగ్గులోనూ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. పక్కనున్న పుస్తకం మీద తుంపర పడకూడదు కదా. నాలుగో రోజు పొద్దున చర్చిలో చావు గంట కొట్టారు.

పోయే మనిషితో నాలుగు మంచి మాటలు మాట్లాడకపోయావా అత్తా అంటోంది మా కోడలు. ఇది రాస్తున్నది తనే, ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. నాకు సంతకం వచ్చు, అంకెలు బాగా వచ్చు, తెలుగు కూడబలుక్కుంటే వచ్చు. అందుకని నేను చెబుతుంటే తను రాస్తోంది. రాయి అమ్మాయ్. అవి మంచి మాటలు కాకపోవచ్చు, మా మాటలు.

నరసరావుపేటలో మాది బైండింగు కొట్టు. ముందు గదిలో దబ్బనాలు, దారాలు, జిగురు డబ్బా. వెనక గదిలో సంసారం. కోర్టు రిజిస్టర్లు, కరణాల పుస్తకాలు, బైబిళ్ళు అన్నీ కుట్టేవాళ్ళం. కుట్టే చెయ్యి నాది, బోర్డు మీద పేరు మా ఆయనది. సాగరు డ్యాముకు పునాదులు తవ్వుతున్న రోజుల్లో మా ఆయన పోయాడు. పోయిన నెలకే రిజిస్టర్లు ఇవ్వడం మానేశారు. అడగడానికి వెళ్ళాను. కోర్టు పేరెందుకు గానీ, అక్కడి పెద్ద గుమాస్తా తల కూడా ఎత్తలేదు.

"ఆడమనిషి కుట్టిన రికార్డు చెల్లదమ్మా," అన్నాడు.

ఆ గది మూలలో నల్లకోటు వేసుకున్న సన్నటి మనిషి నకళ్ళు రాసుకుంటున్నాడు. కలం ఆపకుండానే, "ఏ రూల్లో ఉందండీ? చదవండి, ఒక నకలు రాసుకుంటా," అన్నాడు.

"నీకెందుకయ్యా?"

"ఎందుకంటే, ఆరేళ్ళుగా మన రిజిస్టర్లన్నీ ఈమె కుట్టినవే. దారం ముడి చూడండి, అది మొగోడు వేసే ముడి కాదు. వాటిని చూసి నేను రాసిన నకళ్ళ మీద తీర్పులైపోయినయ్. చెల్లవంటే ఆ కేసులన్నీ తిరగదోడాలిగా మరి."

పెద్ద గుమాస్తా రిజిస్టర్ల కట్ట నా వైపు తోశాడు. నేను కట్ట నెత్తిన పెట్టుకుని బయటికి వచ్చాను. దణ్ణం పెట్టాలని కూడా తోచలేదు. పుస్తకం కుట్టాక ముడి లోపలికి పోతుంది, దాన్ని ఎవరూ చూడరు. మా ఆయన కూడా ఎన్నడూ చూడలేదు. ఈయనెవరో నా ముడిని ఆరేళ్ళుగా చూస్తున్నాడు!

ఉద్యోగం అయిపోయాక ఆ నల్లకోటు అన్న మా వీధిలోనే చిన్న ఇల్లు తీసుకున్నాడు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఇంతకంటే ఆయన పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలియవు. ఏ ఊళ్ళో పుట్టావన్నా అని ఒకసారి అడిగితే, "పుట్టడం నేను చూళ్ళేదు చెల్లెమ్మా, విన్నాను," అన్నాడు.

ఎవరేం చెప్పినా ఆయన అడిగేది ఒక్కటే. చూశావా, విన్నావా? నకరికల్లులో వాన దంచేసిందంట అంటే, చూశావా, విన్నావా? ఫలానావాళ్ళ కోడలు అలిగి పుట్టింటికి పోయిందంట అంటే, చూశావా, విన్నావా? ఆయన్ని చూస్తే మా వీధి ఆడవాళ్ళకు నోరు కట్టేసినట్టుండేది. ఒకరోజు నేనే కడుపుమండి చెప్పాను.

"అన్నా, నువ్వు రోజూ నా కొట్టుకొస్తన్నావని నలుగురూ నాలుగు రకాలుగా అంటన్నారు."

"వాళ్ళు చూశారా, విన్నారా?"

"చూశారు."

"అయితే నిజమేగా. రోజూ వస్తన్నాను." మర్నాడు ఇంకో గంట ముందు వచ్చి కూర్చున్నాడు.

రోజూ దేనికి వచ్చేవాడంటే, కాగితం కోసం. పుస్తకాల అంచులు కోసినప్పుడు మిగిలే కాగితాన్ని అరచెయ్యంత చీటీలుగా కోసి ఇచ్చేదాన్ని. వాటి మీద ఆయన సీమకు సాక్ష్యాలు రాసి పంపేవాడు.

ఇది అర్థమయ్యేట్టు చెప్పాలి. సీమలో, అంటే ఇంగ్లండులో, ఒక డిక్షనరీ ఆఫీసు ఉంది. ప్రతి ఇంగ్లీషు మాటా అచ్చులో మొట్టమొదట ఏ పుస్తకంలో, ఏ సంవత్సరంలో కనబడిందో వాళ్ళు వెతికి రాసి పెడతారు. అంతకంటే ముందు పుస్తకంలో కనబడిందని ఎవరైనా చూపిస్తే దిద్దుకుంటారు. లోకంలో ఎవరైనా చూపించవచ్చు, దానికి తెల్లవాడే కానక్కరలేదు. ఈయన దగ్గర నూటయాభై ఏళ్ళ కిందటి ఎన్‌సైక్లోపీడియా ఉంది. మిషను బంగళా ఖాళీ చేసినప్పుడు దొరసాని ఇచ్చిపోయింది. పదకొండు సంపుటాలు, ఒక్కొక్కటీ ఇటుకరాయి బరువు. లోకంలో ఉన్న పనులూ పనిముట్లూ, జబ్బులూ మందులూ, రాళ్ళూ రప్పలూ అన్నీ వాటిలో ఉంటాయట.

"కథల పుస్తకాల్లో వెతకవేందన్నా, ఈ బరువులు మోసే బదులు?" అన్నాను.

"కథ రాసేవాడికి సుత్తి అంటే చాలు చెల్లెమ్మా. ఈ పుస్తకం రాసినోడికి సుత్తుల్లో ఎన్ని రకాలు, ఏ సుత్తికి ఏ పేరు, అన్నీ కావాలి. కమ్మరి కొట్టంలో, నేతగాడి గుంటలో నోటిమీద తిరిగే మాటలకి సిరా పూసింది ముందు వీళ్ళే. అందుకని డిక్షనరీవాడికి వీళ్ళకంటే మంచి సాక్షి దొరకడు."

చీటీ ఎడమ మూల మాట. దాని కింద సంవత్సరం. ఆ కింద పుస్తకం పేరు, పేజీ. తరవాత ఆ మాట ఉన్న వాక్యం, పుస్తకంలో తప్పుంటే తప్పుతో సహా. అడుగున ఆయన సంతకం. ఉన్నది ఉన్నట్టు రాయడం ఆయన రక్తంలో ఉంది. ఒకసారి పుస్తకం చదువుతూ చదువుతూ గట్టిగా నవ్వాడు. వినడానికి ఎవరూ లేక నాకే చెప్పాడు. "వీడు ముందు పుస్తకం చూసి ఎత్తి రాశాడు చెల్లెమ్మా. వాడు చేసిన లెక్క తప్పు కూడా దించేశాడు. నా కులపోడే!"

పుస్తకం ముట్టుకునే ముందు కుంకుడు రసంతో చేతులు కడిగేవాడు. మిరపకాయల రోజుల్లో మా వీధంతా ముక్కులు మండే కోరు. తుమ్ము వస్తోందనిపిస్తే చాలు, కోటు పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తి అక్కడ తుమ్మి వచ్చేవాడు. బండ్లవాళ్ళు ఎడ్లను ఆపి చూసేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం ఒక సంపుటం తెచ్చి, బొమ్మల పేజీ తెరిచి నా బల్ల మీద పెట్టాడు. బొమ్మలో ఒక తెల్లామె చెక్క చట్రం ముందు కూర్చుని పుస్తకం కుడుతోంది. చట్రానికి నిలువుగా తాళ్ళు. కింద తాళ్ళ కొసల్లో చిన్న ఇత్తడి ముక్కలు.

"ఇదేం చేస్తది చెల్లెమ్మా, ఈ ముక్క?"

"తాడు జారకుండా కింద నుంచి బిగబట్టుకుంటది. నాకు ఇత్తడి ఎక్కడిది, మేకులు పెట్టుకున్నా."

ఆయన నల్లకోటుతో సహా నా బల్ల కిందికి దూరి మేకులు చూసి వచ్చాడు.

"అన్నా, సీమలో కూడా ఆడదే కుడతందే!"

"మరి చెల్లుద్దంటావా?" అన్నాడు. ఇద్దరం కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాం.

ఆ ఇత్తడి ముక్క పేరే ఇంత రగడ తెచ్చిన మాట. దాన్ని నేనిక్కడ పలకను. తప్పు పలికితే ఆయన ఊరుకోడు. డిక్షనరీలో ఆ మాటకు ముందుగా చూపించింది వేరే పుస్తకాన్ని. మా పుస్తకం మొదటి పేజీలో ఉన్న సంవత్సరం దానికి రెండేళ్ళ తరవాతది. ఆ లెక్కన ఈయన ఓడిపోయినట్టే. కానీ ఈయన ఏమంటాడంటే, ఇంత పెద్ద పుస్తకం ఒక్కసారిగా అచ్చు కాలేదు. నెలా రెండు నెలలకొక పలచటి భాగం, పైన నీలం కాగితం చుట్టుకుని వచ్చేది. అలా ఏళ్ళ తరబడి వచ్చింది. అన్నీ వచ్చాక చివర్లో మొదటి పేజీలు అచ్చు వేసి పంపారు. కొన్నవాళ్ళు నీలం కాగితాలు చించేసి, మొదటి పేజీ తగిలించి కుట్టించుకున్నారు. అందుకని ఎప్పుడో మొదట్లో వచ్చిన మాటకు కూడా చివరి సంవత్సరమే అంటుకుంది. ఈ మాట ఐదో భాగంలో ఉంది. అది చాలా ముందే వచ్చి ఉండాలి.

ఇదంతా రాసి పంపాడు. ఆరు నెలలకు జవాబు వచ్చింది. మీరు చెప్పింది నిజమే కావచ్చు, కానీ మా దగ్గరున్న ప్రతుల్లో దేనికీ ఆ నీలం కాగితాలు మిగల్లేదు. ఐదో భాగం ఏ సంవత్సరం వచ్చిందో అచ్చులో ఆధారం కనబడేదాకా మార్చలేము అని.

"సరిగ్గా రాశారు. నేనైనా అంతే రాస్తా," అన్నాడు. అలా అన్న మనిషి మూడు రోజులు నా కొట్టుకు రాలేదు. పదేళ్ళు చీటీలు రాశాడు. వాటిలో ఎన్ని నిలిచాయో ఆయనకు తెలియదు. ఈ ఒక్కటి నిలబడాలని మాత్రం ఆయన ప్రాణం కొట్టుకుంది. నోటితో అనలేదు. నేను చూశాను, విన్నది కాదు.

నాలుగో రోజు వస్తుంటే మా ఎదుటి టీ కొట్టు దగ్గర హైస్కూలు ఇంగ్లీషు మేష్టారు ఆపాడు. "ఏం పెద్దాయనా, సీమోళ్ళ మాటలకి పల్నాడు సాక్ష్యమా? మన సాక్ష్యాలు మన కోర్టులోనే నిలవట్లా!" అందరూ నవ్వారు. ఆయన తలొంచుకున్నాడు. నేను జిగురు చేతులతోనే గడప దిగాను.

"ఏం మేష్టారూ, నువ్వు పిలకాయలకి చెప్పే మాటలన్నీ ఎవరో ఒకరు చూసి రాసినవేగా. నువ్వు చూసి రాసింది ఒక్కటి చెప్పు, ఇంటాం."

మేష్టారు టీ తాగడంలో పడ్డాడు. పెద్దాయన లోపలికి వచ్చి కూర్చుని, పుస్తకం బల్ల మీద పెట్టాడు. అప్పుడు చూశాను. అట్ట మూల కొంచెం విచ్చింది. ఆ సందులో పచ్చటి చార.

"అన్నా, ఇది మైలుతుత్తం కలిపిన జిగురు. పురుగు పట్టకుండా మన పనివాళ్ళు కలుపుతారు. ఈ పుస్తకం కుట్టింది సీమోడు కాదు, మనోడు."

"మద్రాసులో కుట్టుంటారు. అయితే?"

"మనోడు చిటికెడు కాగితం పారెయ్యడు. ఆ నీలం కాగితాలు చించి ఏం చేసుంటాడనుకున్నా? అట్ట మందం కావాలని లోపల అతికించుంటాడు."

"చూశావా, విన్నావా?"

"చూళ్ళా, విన్లా. చేశా! వెయ్యి అట్టల్లో చిత్తు కాగితాలు పెట్టా ఈ చేత్తో."

ఆయన నా చెయ్యి వైపు చూశాడు, విచ్చిన అట్ట మూల వైపు చూశాడు. నేను కత్తి తీసుకోబోతే పుస్తకం గుండెకు అదుముకున్నాడు. "వద్దు. సాక్ష్యాన్ని కోస్తే అది సాక్ష్యం కాదు, చెత్త. నువ్వే లోపల పెట్టావంటారు రేపు." ఆ తరవాత రెండేళ్ళు ఇదే పోట్లాట. నేను కోస్తానని, ఆయన వద్దని. చివరి రోజున కూడా అదే.

సమాధి మీద మట్టి ఆరకముందే ముప్పాళ్ళ నుంచి ఆయన అన్న కొడుకు బండి కట్టుకుని వచ్చాడు. పుస్తకాలన్నీ పచారీ కొట్టుకు వేస్తాడట. పది సంపుటాలు బండెక్కాయి. ఆ మాట ఉన్న సంపుటాన్ని మాత్రం ఆయన పోయిన రోజే నేను నా బల్ల మీదికి తెచ్చుకున్నాను.

"అది కూడా ఇవ్వత్తా."

"బైండింగుకు వచ్చిన పుస్తకం. పని కాకుండా ఇవ్వను."

"ఎవరిచ్చారు పని?"

"మీ బాబాయి. నేను పోయినాక చేసుకో అన్నాడు. పోయాడు, చేస్తన్నా."

"చచ్చినోడికి పుస్తకమెందుకు?"

"చచ్చినోడికి కాదురా, సాక్ష్యానికి. దిగు నా గడప!"

ఆ పది సంపుటాలను ఆపలేకపోయాను. ఆ తరవాత చాన్నాళ్ళు బజారులో ధనియాలు ఇంగ్లీషు పొట్లాల్లో వచ్చాయి. ఆ పొట్లం ఒక్కటి కూడా నా ఇంటికి రానివ్వలేదు.

ఇక అట్ట విప్పాలి. నువ్వే పెట్టావంటారు అన్న ఆయన మాటే నాకు దారి చూపించింది. దొంగసొమ్ము బయటికి తీసేటప్పుడు పోలీసులేం చేస్తారు? నలుగురు పెద్దమనుషుల్ని నిలబెట్టి, వాళ్ళ కళ్ళముందు తీసి, ఏం దొరికిందో రాసి సంతకాలు పెట్టిస్తారు. పల్నాడులో పంచనామా తెలియని గడప లేదు. దొంగసొమ్ముకు చెల్లేది పుస్తకానికి ఎందుకు చెల్లదు?

ఎదుటి మిరపకాయల వ్యాపారిని పిలిచాను. బైబిలు కుట్టించుకోవడానికి వచ్చిన పాస్టరుగారిని కదలనివ్వలేదు. మూడోవాడు కావాలి, ఇంగ్లీషు వచ్చినవాడు కావాలి. మేష్టారి ఇంటికే పోయాను.

"నేనెందుకక్కా?" అన్నాడు.

"నువ్వు ఆయన్ని చూసి నవ్వినోడివి. నువ్వు పెట్టిన సంతకమైతే ఎవడూ అనుమానపడడు."

వచ్చాడు. పట్టపగలు, తలుపులు బార్లా తీసి, చేతులు కుంకుడు రసంతో కడుక్కుని కూర్చున్నాను. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ అట్ట మీద వేశాను. జిగురు మెత్తబడేదాకా ఆగి, వెదురుబద్దతో ఒక్కొక్క పొరా లేపాను. మొదటి పొర తెల్ల కాగితం. రెండోది అరవ అచ్చు. మూడోది నీలం. మేష్టారు మీదికి వంగాడు.

"ఊపిరి వదలబాకు మేష్టారూ, చిరుగుద్ది!"

నీలం కాగితం మీద పుస్తకం పేరుంది, భాగం నంబరుంది. తొమ్మిది. మాకు కావలసింది ఐదు. దాని కింద ఎనిమిది. ఆ అట్టలో అంతే. వ్యాపారి లేవబోయాడు. "కూర్చో అన్నా, పుస్తకానికి రెండట్టలు," అన్నాను. గుడ్డ మళ్ళీ వేడినీళ్ళలో ముంచి పిండాను. రెండో అట్టలో ముందు ఆరు వచ్చింది. దాని కింద, ఒక మూల పురుగు తిన్న ఐదు. అడుగున సంవత్సరం. ఆ నాలుగు అంకెలూ మేష్టారికంటే ముందు నేనే చదివాను. డిక్షనరీవాళ్ళు రాసుకున్న దానికి మూడేళ్ళ ముందు.

మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పెద్దాయన చెప్పిందే," అన్నాడు.

పంచనామా ఇంగ్లీషులో రాస్తానన్నాడు. ఒప్పుకోలేదు. "నేను చదవగలిగిన దాని మీదే నేను సంతకం పెట్టేది. తెలుగులో రాయి. సీమోళ్ళకి అర్థం కాకపోతే వాళ్ళే ఎవరినన్నా అడుక్కుంటారు. ఇన్నాళ్ళూ మనం అడుక్కోలా?" రాశాడు. కూడబలుక్కుని అంతా చదివి సంతకం పెట్టాను. ఫొటో స్టూడియోవాణ్ణి పిలిచి నీలం కాగితానికి ఫొటో తీయించాం. నకలు వాళ్ళకు, అసలు నాకు.

"పంపేవాళ్ళ పేరు ఎవరిది రాయను? పోయినాయన పేరు మీద ఎట్టా..." అన్నాడు మేష్టారు.

"పోయేటప్పుడు మనిషి చెప్పిన వాంగ్మూలం కోర్టులో చెల్లుద్దా, లేదా?"

"చెల్లుద్ది."

"రాయి మరి."

ఏడాది తిరిగేలోపు జవాబు ఆయన పేరుతోనే వచ్చింది. మేష్టారు మా గడపలో నిలబడి, వీధికి వినబడేట్టు చదివాడు. ఆధారం ఒప్పుకున్నారు. ఆ మాట పక్కన ఆయన చెప్పిన పుస్తకమే, నీలం కాగితం మీది సంవత్సరమే వేస్తారు. తెలుగు కాగితం కూడా చీటీతో కలిపి దాచారు. అయితే అక్షరాల వరసలో ఆ మాట వంతు వచ్చి పుస్తకం అచ్చయ్యేసరికి ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది. చీటీ పంపినవాళ్ళ పేరు డిక్షనరీలో వెయ్యరట. చీటీ మీద మాత్రం ఉంటుందట. నేను కోసిన కాగితం మీద, ఆయన చేత్తో. అందుకే ఇక్కడ ఆయన పేరు రాయించలేదు. ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది.

"అన్నేళ్ళు నువ్వుంటావా అక్కా?" అన్నాడు మేష్టారు. ఉంటా. నాకు ఓపిక లేదని ఆయనకు చెప్పాను గానీ, ఇప్పుడుంది. గెలిచామన్నా అంటే ఏమంటాడో నాకు తెలుసు. విన్నాను, ఇంకా చూడలేదు. ఆ పుస్తకం వచ్చిన రోజున మాట నాకు చదవడం రాకపోయినా, పక్కనున్న నాలుగు అంకెలూ నా కళ్ళతో నేనే చూస్తాను.

ఇక చాలు. కలం కింద పెట్టు అమ్మాయ్. ఇప్పుడు మొదటి నుంచి చదివి వినిపించు. ఆయన్ని నేను నువ్వు అన్నచోట మీరు అని దిద్దావా, నలుగురూ నాలుగు రకాలుగా అన్న మాట పరువుకని తీసేశావా, నాకు తెలియాలి. ఉన్నది ఉన్నట్టు చదువు.